తొమ్మిది చుట్లు

తాళపుచెవి అంటరు గాని
నా చెయ్యంత పొడుగు ఇనుప కడ్డీ ఇది.
నాలుగ్గొట్టంగ లేచి భుజాన ఏసుకొని
దేవరకొండ ఖిల గుట్ట కింది ట్యాంకు కాడికి పోత.
ఇరవై ఏడేండ్ల సంది ఇదే తొవ్వ.

ట్యాంకు మీద ఎర్ర అక్షరాలు రాలినయి.
'రెండు లక్షల లీటర్లు'ల 'రెండు' కొట్టుకపోయి
'లక్షల లీటర్లు' మిగిలింది.
సదివినోళ్ళు నవ్వుకుంట పోతరు.
కట్టిననాడు ఇంజినీరు వేళ్ళు మడిచి చెప్పిండంట:
పదకొండు గల్లీలు, ఎనిమిది వందల ఇండ్లు,
ముందు పెరిగేటోళ్ళకు ఇంత.
ఆ 'ఇంత' నేను కొలువుల చేరకముందే నిండింది.

ఇప్పుడు గల్లీలు ముప్పై నాలుగు.
ఇండ్లు లెక్కవెట్టుడు నాతోని కాదు.
నాలుగు బై ముప్పై ఏడు ఒక్కటే ఇల్లుండె.
అన్నదమ్ములు పంచుకుంటే బై ఏ, బై బీ.
బై ఏ కొడుకులు నడుమ గోడ లేపితే
బై ఏ బై ఒకటి, బై ఏ బై రెండు.
మొన్న ఎనక రేకుల షెడ్డుకు నంబరడిగితే
బిల్ కలెక్టరు రంగు డబ్బ పట్టుకొని
గోడ దిక్కే చూసుకుంట నిలవడ్డడు.
రాసే జాగ లేదు.

అప్పట్ల గల్లీకి గంటన్నర ఇడిచేటోణ్ణి,
వాల్వు తొమ్మిది చుట్లూ తిప్పి.
గంటన్నర గంటయింది, గంట నలభై నిముషాలయింది.
ఇప్పుడు పన్నెండు. అదీ దినం తప్పిచ్చి దినం.
అయిదు చుట్లకే చెయ్యి ఆగుతది.
గడియారం అర నిముషం ఎనకవడ్డా
ఒకింట్ల పప్పు ఉడకదు.

చీకట్ల గూడ చప్పుడును బట్టి గల్లీ చెప్త.
మసీదు గల్లీల డ్రమ్ములు దొర్లుతయి.
షాపులోళ్ళ గల్లీల మోటర్లు గుర్రుమని
మేడ మీదికి గుంజుకుంటయి.
ఆఖర్న తండా మలుపు.
ఆడ నల్లా ఇప్పితే ముందు గాలొస్తది,
బుస్సుమని, పాము లెక్క.
మంగ్తి పిల్లలు నల్లాకు మూతివెట్టి
ఆ గాలి మింగి నవ్వుతరు.
నేను అటు చూడ.

పెద్ద పైపొకటి కొండమల్లేపల్లి తొవ్వ పొంటి పట్నం పోతది.
చెవి ఆనిస్తే కృష్ణమ్మ ఉరుకుడు ఇనవస్తది.
ఇనుటానికి బిల్లు లేదు.

బడి సంగతి మనుమడు చెప్పిండు:
మూడో తరగతి వరండల, నాలుగు సైకిల్ స్టాండు కింద.
మూడు తరగతుల నడుమ సారొక్కడే
కల్లంల ఎద్దు తిరిగినట్టు తిరుగుతడంట.
"హాజరు అయిపోయేటాల్లకే గంట కొడ్తరు తాతా."

మొన్న మీటింగుల ఆఫీసరు బోర్డు మీద
గీత గీసిండు, పైపైకి, మా గుట్ట లెక్క.
"జనం పెరుగుడే అసలు రోగం" అన్నడు.
ఎనక నిలవడి నా అయిదుగురిని తలుసుకున్న.
అండ్ల ఎవరి పేరు కొట్టెయ్యాలె?
ఇస్తారీ, నువ్వేమంటవని ఎవరడిగిండ్రు గనుక.
అడిగితే ఇంత అందును:
మేడింటోళ్ళకు ఇద్దరే పిల్లలు, మూడు మోటర్లు.
మంగ్తికి ఆరుగురు, రెండు బిందెలు.
మీ గీతల ఇది యాడ గీస్తరు సారూ?
అనకపోదును గూడ. కొలువు గావాలె గద.

రాత్రి నా చిన్న బిడ్డ కన్నది.
సర్కారు దవాఖానల ఒక్క మంచానికి ఇద్దరు బాలింతలు,
ఒకరి కాళ్ళ దిక్కు ఒకరి తల.
నర్సు నసీమా ఇంటికి పోక మూడొద్దులు,
నడుసుకుంటనే నిద్రవోతున్నది.
"ఒళ్ళు తుడుస్తానికి నీళ్ళు లేవు,
నల్లా బందయింది" అన్నది.
బందు వెట్టింది నేనే.

తెల్లారకముందే పోయి
దవాఖాన వాల్వు తిప్పిన.
ఏడో చుట్టు కాడ కడ్డీ బిగుసుకున్నది,
ఏండ్ల సంది ఆడిదాక పోలె గద.
రెండు చేతులా పట్టి తొమ్మిది చుట్లూ తిప్పిన.
గడియారం చూడలె.

ఇయ్యాల తండా నల్లాల గాలి గూడ రాదు.

పిల్లకింకా పేరు వెట్టలె.
మంచం నంబరు రాసి చేతికి పట్టీ కట్టిండ్రు:
పదిహేడు బై బీ.
ఇంటికొచ్చేటప్పుడు తండా మలుపు కాడ
చెప్పులు ఇడిసి చేత పట్టుకున్న.